జోగయ్య చుట్ట

పెరట్లో తీగ మీద ఆరేసిన నూలు చీరను తీసి భుజాన వేసుకుంటే సబ్బు వాసన రావాలి. మొన్న మధ్యాహ్నం మాత్రం ఆకు కాలిన వాసన వచ్చింది. ఎండిన ఇప్పాకు వాసన అది, కొంచెం తీపి, కొంచెం చేదు, అడుగంటిన బెల్లప్పాకం లాగా. దంతెవాడ చుట్టూ కొండల్లో ఇప్పచెట్ల కింద ఆకు అంటించడం మొదలైందని క్యాలెండర్ చూడకుండానే తెలిసిపోయింది. కొండల కోసం చూస్తే కొండలు లేవు. ఉన్నచోటే ఉన్నాయి గానీ బూడిదరంగు దుప్పటి తల మీదాకా కప్పుకొని పడుకున్నాయి. గడప మీద కూర్చున్న మా అమ్మాయి ఫోను తిప్పి చూపించింది. అందులో మన గాలికి ఎర్రరంగు పూసి ఉంది.

"గాలి బాగాలేదంటమ్మా. కిటికీలు మూసుకోమంటున్నది."

"దాన్ని పాడుచేసింది నేనే" అన్నాను.

పకపకా నవ్వింది. నా మాటకు నవ్వడం మా ఇంట్లో అలవాటు. అన్నం ఉడికిందని చెప్పినా ముందు నవ్వి, ఆ తర్వాత మూత తీసి చూస్తారు. తప్పు వాళ్ళది కాదు, పదేళ్ళ వయసు నుంచి నేను చేసుకున్న పేరు అది. ఈ కొండల మీది గాలినంతా నేనొక్కదాన్నే పాడుచేశాననడం కోతే, ఒప్పుకుంటాను. మా ఊరి మీదుండే గాలి సంగతి వేరు. అందులో నా చేయి ఉంది.

మా ఊరు మద్దేడు దగ్గర పెద్ద రోడ్డు వదిలి అడవిలోకి నడిస్తే వస్తుంది. వాగుకు ఇవతల మా తెలుగు రైతుల ఇళ్ళు, అవతల ఆదివాసులైన దొర్లవాళ్ళ ఇళ్ళు, మధ్యలో మోకాళ్ళలోతు నీళ్ళు. ఇంట్లో తెలుగు, వాగు దాటితే దొర్లి, బడిలో హిందీ, సంతలో ఏది నోటికొస్తే అది. మూడు భాషల్లో అబద్ధమాడగలిగిన పిల్ల మా ఊళ్ళో నేనొక్కదాన్నే.

మా ఊళ్ళో కాలాన్ని ముక్కుతో లెక్కపెట్టేవాళ్ళు. వానాకాలమంటే తడిసిన పూరికప్పు వాసన, పచ్చికట్టెలు అంటుకోక పొయ్యి ముందు మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ గొట్టంతో ఊదడం, బయట వాన ఆగేదాకా పొగ కూడా మాతోపాటు ఇంట్లోనే చుట్టంలా కూర్చోవడం. వరికోతలప్పుడు కళ్ళంలో పొట్టు దుమ్ము, మెడ మీద దురద, కొత్త గడ్డి మీద దొర్లి దొర్లి తుమ్మడం. చలికాలం పొద్దున్నే వాగు మీంచి లేచిన మంచు పొలాల మీదుగా వచ్చి మా వాకిట్లో పెయ్యదూడను మింగేది. మెడలో గంట వినబడుతూనే ఉండేది, దూడ మాత్రం పొద్దెక్కితే గానీ కనబడేది కాదు. ఆ మంచు మీద నేను చెప్పని కథ లేదు. కొడవలితో ఒక ముక్క కోసి కుండలో దాచానని, ఎండాకాలం మూత తీసి మా నాయన మొహానికి చల్లగా అద్దానని చెబితే, సంతకు పోయే ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ వినేవాళ్ళు. "రాజీ మాట సీతాఫలం, గింజలు ఊసేసి గుజ్జు మింగాలె" అనేవాడు మా నాయన. ఊరంతా అట్లాగే మింగేది.

మంచు పోయి మోదుగులు ఎర్రబడి, బూరుగు దూది ఎగురుతూ జుట్టుకు అంటుకునే రోజులొచ్చాక గాలి పొడిబారేది. పెదవులు పగిలేవి. మధ్యాహ్నం పూట ఎండుటాకుల్ని పోగేసుకుని సుడిగాలులు బయల్దేరేవి. మేము కళ్ళు మూసుకుని వాటిలోకి పరుగెత్తేవాళ్ళం, బయటికి వచ్చాక ఎవరి జుట్టులో ఎక్కువ ఆకులుంటే వాళ్ళు గెలిచినట్టు. నాకు పోటీ కోసి అనే పిల్ల ఒక్కతే. దొర్లవాడలో జోగయ్య తాత మనవరాలు, నా ఈడుది, నాకంటే చప్పుడు లేనిది. గెలవాలని నేను ముందే జడలో రెండాకులు దోపుకొచ్చేదాన్ని. అది చూసీ చూడనట్టు ఊరుకునేది. పండగ చేసేదాకా కొత్త మామిడికాయ కొరకరాదని వాళ్ళ ఇంట్లో కట్టడి, నేను వాగు గట్టున కూర్చుని కచకచా కొరుకుతుంటే అది గుటకలు మింగుతూ ఉప్పు మాత్రం అందించేది. వాళ్ళమ్మ వేయించిన చింతగింజల పొట్టు తీసి ఇప్పపువ్వుతో ఉడకబెడితే దొన్నెలో మొదటి వంతు నాది. మా అమ్మ ఎండిన పువ్వు వేయించి నువ్వులతో దంచి ముద్దలు చేస్తే రెండు కోసివి.

ఆ పువ్వు ఊరికే దొరకదు. తెల్లవారకముందే టపటపా రాలుతుంది, ముత్యాల్లా మెత్తగా. కింద ఎండుటాకు ఉంటే అందులో దూరి కనబడదు. అందుకని పువ్వు మొదలుకాకముందే చెట్టు కింద ఆకు అంటిస్తారు. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు అంటించేవాళ్ళు కాదు ఆ రోజుల్లో. జోగయ్య తాత చెప్పాలి. రెండు వాడలూ ఆయన మాట కోసమే ఆగేవి. చీకటి విడిపోయే వేళ ఆయన పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, చేయి ముందుకు చాపి, వేళ్ళ మధ్యనుంచి మెల్లగా వదిలేవాడు. బూడిద కాలి బొటనవేలి మీద పడితే "అంటించుండ్రి." మడమ దాకా పోతే ఆగాలి. మడమ దాటిందా, ఎవరింటికి వాళ్ళు. మంచి రోజు కుదిరితే దాన్ని బూడిదపొద్దు అనేవాళ్ళం. ఇంటిల్లిపాదీ చీపుళ్ళతో వెళ్ళి, చెట్టు చుట్టూ వెడల్పుగా ఊడ్చి, ఆకు కుప్పచేసి, గడ్డి మీద మంచు తడి ఆరకముందే అంటించి, పచ్చికొమ్మలు పట్టుకుని కాపలా నిలబడేవాళ్ళు. ఒకేసారి అన్ని చెట్ల దగ్గర్నుంచీ పొగ నిటారుగా లేచేది, ఆకాశానికి గుంజలు పాతినట్టు. అన్నం వేళకు ఆ గుంజలు కరిగిపోయి కొండ మళ్ళీ కొండలాగే ఉండేది. ఏడాదికి పొగ అంతే, ఒకటి రెండు పొద్దులు.

నా పదో ఏట బూడిదపొద్దున మా గట్టు మీది ఇప్పచెట్టు కింద ఊడ్చే పని నాకు అప్పజెప్పారు. ఆ చెట్టు పక్కనే జోగయ్య తాతవి మూడు చెట్లు, అందులో ఒకటి లావుది, తొర్రలో మేమిద్దరం కూర్చుని గచ్చకాయలాడేంతది. నేను చీపురు పట్టుకుని బయల్దేరి, దారిలో ఉడుత కనబడితే దాని వెంట పడి, ఇంటికి వచ్చి ఊడ్చేశానని చెప్పాను. అడిగినవాళ్ళకు ఉడుత కూడా సాయం చేసిందన్నాను. నాలుగు రోజులకు పువ్వు రాలడం మొదలైంది. మా అమ్మ పొద్దున్నే గట్టు చెట్టు దగ్గరికి వెళ్ళి ఖాళీ బుట్టతో వచ్చింది.

"ఏమే, ఆకు అట్లనే ఉన్నది గదా! నీ ఉడుత ఏడ సచ్చింది? రేపటి పువ్వు దొరకాలె, లేకుంటె నీ వీపు దొరుకుతది."

ఆ మధ్యాహ్నమే పెంకులో నిప్పులు పెట్టుకుని వెళ్ళాను. ఊడ్చే ఓపిక లేదు, ఎండ మండుతోంది. పెంకు అంచున ఉన్న బూడిద చిటికెడు తీసి, కళ్ళు మూసుకుని, జోగయ్య తాతలాగా మూతి బిగించి వదిలాను. సరిగ్గా బొటనవేలి మీద పడింది. ఎంత పొంగిపోయానంటే, చుట్టూ ఎవరూ లేకపోయినా "అంటించుండ్రి!" అని అరిచాను కూడా. మధ్యాహ్నపు గాలి దమ్ము పట్టుకుని కూర్చుంటుందని, అది ఆగడం కాదు కాచుకుని ఉండటమని నాకేం తెలుసు? నిప్పు ఆకును తిన్నది. వెంటనే వాగు వైపు నుంచి సుడిగాలి లేచి మంటను ఎత్తుకుని జోగయ్య తాత చెట్ల కిందికి పోయింది. ఆయన వాటి కింది ఆకు బూడిదపొద్దునే కాల్చుకున్నాడు గానీ, ఈ నాలుగు రోజుల్లో కొత్తగా రాలిన ఆకు మళ్ళీ నేల మీద పరుచుకుంది. లావుచెట్టు తొర్రలో ఏళ్ళ తరబడి ఆకు ఉంది. ఆయన కాస్త దూరంలో, మూడో చెట్టు నీడలో తల వాల్చి కునుకుతున్నాడు.

నేను అరవలేదు. అది రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా చేయి ఆగుతోంది. వాగు నుంచి నీళ్ళకుండతో వస్తున్న కోసి చూసి అరిచింది. కుండ దించకుండా విసిరేసి పరుగెత్తి, తాతను రెక్క పట్టి లేపింది. రెండు వాడలూ పచ్చికొమ్మలతో ఉరికొచ్చాయి. పొద్దు వాలేదాకా కొట్టి కొట్టి నేల మీది మంట ఆర్పారు. తొర్రలోది మాత్రం ఆరలేదు. లావుచెట్టు లోపల పొయ్యి పెట్టినట్టు మూడు రోజులు మండి, ఒక మూలుగు మూలిగి పడిపోయింది. మిగతా రెండు చెట్ల పువ్వు సెగకు మాడిపోయింది. ఆ ఏడు కోసి వాళ్ళింట్లో ఎండబెట్టుకోవడానికి పువ్వు లేదు. వానాకాలం దాకా వాళ్ళ కడుపు నింపేది ఆ పువ్వే.

మంట ఆరాక అందరూ మసి మొహాలతో కూలబడ్డారు. మా నాయన నా వైపు తిరిగాడు.

"ఎట్ల అంటుకున్నదే? నువ్వు ఈడనే ఉన్నవ్ గదా?"

భయంతో నోరు ఎండింది. నోరు ఎండితే నాకు మాట ఆగదు, ఇంకా ఎక్కువ వస్తుంది.

"వాగు దిక్కు నుంచి సుడిగాలి వచ్చింది నాయినా, తాటిచెట్టంత పొడుగు. తాత చుట్ట నోట్ల పెట్టుకొని కునుకుతున్నడు. సుడిగాలి తాత ముందట ఒంగి, మెల్లగ చుట్ట గుంజుకొని, రెండు దమ్ములు కొట్టింది. అలవాటు లేదు గదా, దగ్గొచ్చి ఆకులల్ల ఉమ్మేసింది."

మా పెద్దనాయన ముందు నవ్వాడు. "గాలి గూడ చుట్టకు మరిగిందిరా! ఇగ మన పొగాకు మిగిలినట్టే!" అందరూ నవ్వారు. పళ్ళొక్కటే తెల్లగా కనబడేలా, దగ్గుతూ నవ్వారు. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. నవ్విన మాటను ఎవరూ తిరగేసి చూడరు. సుడిగాలి దమ్ము కొట్టిందంటే నమ్మేంత వెర్రివాళ్ళు కాదు మావాళ్ళు. నా మాటలో గింజలు ఊసేయడం వాళ్ళకు తెలుసు. ఊసేశారు. దమ్మునూ దగ్గునూ ఊసేసి, తాత చుట్ట నోట్లో పెట్టుకుని నిద్రపోయాడన్న గుజ్జు మింగారు. వాళ్ళు గింజ అనుకున్న సుడిగాలి ఒక్కటే అందులో నిజం.

జోగయ్య తాత మాత్రం నవ్వలేదు. తన రెండు వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. "ఏమో బిడ్డా, తాగిన్నేమో. యాదికి లేదు" అన్నాడు మా నాయనతో. ఆ మధ్యనే ఆయనకు మతిమరుపు మొదలైంది. ఇంటికెళ్తూ వేరే ఇంటి ముందు ఆగేవాడు. నా కథ ఆయన మరుపులో ఉన్న ఖాళీలో సరిగ్గా ఇమిడింది.

ఇక్కడితో ఆగితే, భయపడిన పిల్ల చేసిన తప్పు అని నాకు నేను ఏనాడో సర్దిచెప్పుకునేదాన్ని. తెల్లవారి అడవి గార్డు చుట్ట మాట చెవిన పడి సైకిలు మీద వచ్చాడు. ఆయన ఎక్కడో ఉత్తరాది వాడు, హిందీ తప్ప రాదు. పెద్దవాళ్ళంతా పొలాల అవతల మిగిలిన నిప్పులు తొక్కుతున్నారు. ఇంకా కాలుతున్న చెట్టు దగ్గర జోగయ్య తాత, కోసి, నేను. వాళ్ళిద్దరికీ హిందీ రాదు. బడిలో పాఠం బాగా అప్పజెబుతానని గార్డు నన్నే పిలిచాడు. "ముసలాయన చుట్ట తాగుతాడా? ఈ పిల్లని అడుగు" అన్నాడు హిందీలో. నేను దొర్లిలో అడిగాను.

కోసి నా కళ్ళలోకి చూసి చెప్పింది. తాతకు పొగాకు అయిపోయి మూడు రోజులైంది. మొన్న పొగాకు అడగడానికి మీ ఇంటికే వచ్చాను, సంత దాకా లేదని మీ అమ్మ చెప్పింది, అప్పుడు నువ్వు గడప మీద కూర్చుని ఉన్నావు కదా. ఇంత పొడుగు మాట అది ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను గార్డు వైపు తిరిగాను. "దిన్ భర్ పీతా హై, బోల్ రహీ హై." రోజంతా తాగుతాడని చెబుతోంది, అన్నాను.

ఈసారి భయం కాదు. చెప్పిన కథ చెడిపోకూడదన్న పట్టుదల, ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మాటను తిప్పేయగలిగానన్న గర్వం కూడా కొంత. అంత పెద్ద మాటకు నా నోట ఇంత చిన్న హిందీ రావడం చూసి కోసి నొసలు ముడిచింది. భాష రాకపోయినా పొడుగు తెలుస్తుంది కదా. గార్డు ముసలాయన వైపు వేలు చూపించి, ఇకమీదట ఈయన మాట మీద ఎవరూ నిప్పు పెట్టకూడదని చెప్పు, అన్నాడు. ఆ మాటను మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. జోగయ్య తాత చేతులు జోడించాడు.

మరుసటేడు మోదుగులు పూశాక అలవాటు కొద్దీ నలుగురైదుగురు ఆయన వాకిట్లోకి వెళ్ళారు. మా నాయన వెంట నేనూ వెళ్ళాను. ఆయన బూడిద తీసుకున్నాడు, చేయి చాపాడు, వేళ్ళు మాత్రం విప్పలేదు. "నా చేతికి తెలుస్త లేదు" అని గుప్పిట మూసుకుని లోపలికి పోయాడు. ఇంకెవరినీ అడిగే దిక్కు లేక ఎవరికి తీరినప్పుడు వాళ్ళు అంటించుకున్నారు. ఒకరు పొద్దున, ఒకరు మాపున, ఒకరు నాలాగే మిట్టమధ్యాహ్నం. పొగ గుంజల్లా లేవలేదు, నేలబారుగా పాకింది. ఒకరి పొగ పోకముందే ఇంకొకరిది వచ్చి చేరేది. నెల పొడుగునా కొండ కనబడలేదు. పసిపిల్లలు దగ్గారు, ముసలివాళ్ళు పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయారు, జోగయ్య తాత దగ్గు వాగుకు ఇవతలికి వినబడేది. కోసి నాతో ఆటకు రావడం ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. గుర్తులేదనడం కూడా కోతే. ఆ గార్డు వచ్చిన రోజు నుంచే.

కథ మాత్రం పెరిగింది. పిల్లలు సుడిగాలి వస్తే "జోగయ్య చుట్ట! జోగయ్య చుట్ట!" అని పరుగెత్తేవాళ్ళు. చుట్టలు చుట్టుకుంటూ వచ్చే గాలికి ఆ పేరు బాగా అతికింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో సుడిగాలికి వేరే పేరు తెలియని పిల్లలున్నారు. జోగయ్య ఎవరో వాళ్ళకు తెలియదు. పొగాకు అయిపోయిన ఒక మంచి మనిషి, అంతే.

నిరుడు ఎండాకాలం ఊరికి వెళ్తే అంగన్వాడీ వసారాలో మీటింగు. రాయపూర్ వైపు నుంచి వచ్చిన ఒక చిన్నవయసు ఆఫీసరమ్మ చెట్ల కింద కట్టుకోమని ఆకుపచ్చ వలలు పంచుతోంది. పువ్వు వలలో పడుతుంది, ఆకు కాల్చే పని ఉండదట. పక్కనే కోసి కూర్చుని ఉంది. ఊరికి ఇప్పుడు మితానిన్ అదే, ఆశా కార్యకర్త లాగా. మందుల సంచితో ఇంటింటికీ తిరిగి ఎవరు దగ్గుతున్నారో కనుక్కుంటుంది, హిందీ నాకంటే ఒద్దికగా మాట్లాడుతుంది. మధ్యలో సుడిగాలి లేచి వలల కట్ట విప్పేసింది. పిల్లలు యథాప్రకారం అరిచారు. ఆఫీసరమ్మ ఆ పేరేంటని అడిగి నోట్‌బుక్కులో రాసుకుంది. అందరూ నా వైపు తిరిగారు.

"చెప్పు రాజక్కా! నువ్వు చెప్తేనే దాని మజా!"

లేచి నిలబడ్డాను. ఉడుత దగ్గర మొదలుపెట్టి, పెంకు, బూడిద, గార్డు, నేను తిప్పిన మాట, అంతా తెలుగులో చెప్పేశాను. కోసి వైపు చూడకుండా చెప్పాను. అయిపోయేసరికి వసారా అంతా చప్పట్లు, నవ్వులు. "అబ్బో, పాత కథ కన్న ఇది జోరుగున్నది!" అన్నారొకరు. "ఈసారి తనమీదనే ఏసుకున్నదేందిర బయ్!" అన్నారింకొకరు. తెలుగు రాని ఆఫీసరమ్మ అందరి మొహాలూ చూసి, ఏం చెప్పింది, అని కోసిని అడిగింది.

కోసి సంచి ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది. హిందీలో, మెల్లగా, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పింది. నిప్పు పెట్టింది ఈమె. మా తాత దగ్గర ఆ రోజు పొగాకు లేదు. అది నేను చెప్పాను. ఈమె వేరేగా చెప్పింది. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అప్పుడు నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"సరిగ్గ చెప్పిన్నా?"

"సరిగ్గనే చెప్పినవ్" అన్నాను.

అది సంచి భుజానికి తగిలించుకుని, దగ్గుతున్న పసిపిల్ల ఉన్న ఇంటికి వెళ్ళిపోయింది. వెంట వెళ్ళే మొహం నాకు లేదు.

మొన్న మా అమ్మాయి నవ్వాక, ఆ పొగవాసన చీర మడతపెడుతూ ఇదంతా దానికి చెప్పాను. సుడిగాలి దమ్ము కొట్టిన కథ దానికి ఊయలలో ఉన్నప్పటి నుంచీ తెలుసు, నేనే జోకొడుతూ చెప్పాను. మిగతాది ఇప్పుడే విన్నది. ఆ తాత గాలిని ఎట్లా చూసేవాడో చూపించమంది. బూడిద కోసం ఇల్లంతా వెతికాను. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో బూడిద ఎక్కడిది? దేవుడి అర దగ్గర అగరువత్తి కింద రాలిన చిటికెడు దొరికింది. పెరట్లోకి వచ్చి, కళ్ళు మూసుకుని, చేయి చాపి వదిలాను. కళ్ళు తెరిచి చూస్తే వేలి మీద లేదు, మడమ దగ్గర లేదు.

"ఎటు పోయిందమ్మా? ఇప్పుడు గాలి ఎట్లా ఉన్నట్టు?" అంది.

ఏదో ఒకటి చెప్పొచ్చు. నాకు రాని కథా!

"తెలియలేదే" అన్నాను.